నల్ల పెట్టె మీద తెల్ల అక్షరాలు

మిలట్రీ వాళ్ళున్న ఇళ్ళల్లో ఆ పెట్టె ఇప్పటికీ ఎక్కడో అటక మీదో, మంచం కిందో ఉండే ఉంటుంది. నల్ల రంగు వేసిన ఇనప ట్రంకు పెట్టె. రెండు పక్కలా వేలాడే కడియాలు, ముందు గొళ్ళెం, దానికో తాళం. మూత మీదా ముందు వైపునా తెల్ల పెయింటుతో నాలుగు ముక్కలు: నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. ఆ వరస ఎప్పుడూ మారదు. మనిషి పేరు వచ్చేది మూడో చోటే. నంబరు ముందు ఐసీ అని ఉంటే ఆఫీసరు, జేసీ అని ఉంటే సుబేదారో నాయబ్ సుబేదారో అని పెట్టె చూసే చెప్పేసేవారు తెలిసినవాళ్ళు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా ర్యాంకు ఉన్న చోట నల్ల రంగు పూసి, ఆరాక కొత్తది రాయడం అలవాటు. పాత అక్షరాలు పూర్తిగా పోయేవి కావు. వేలితో తడిమితే నాయక్ కింద లాన్స్ నాయక్, దాని కింద సిపాయి కాస్త ఉబ్బెత్తుగా తగిలేవి. ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా ఆ రంగు పొరల్లో ఉండేది.

సెలవు మీద వస్తే స్టేషన్ నుంచి రిక్షాలో ఆ పెట్టే, దాని మీద తోలు పట్టీలతో బిగించిన పరుపుచుట్ట హోల్డాలూ వచ్చేవి. అరుగు మీద దించిన చప్పుడుకే వీధికంతా తెలిసిపోయేది. అదే పెట్టె మనిషి లేకుండా వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి.

అలా రావడం వెనక ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది. సైనికుడు పోయాక అతని సొంత సామాను ఎవరుబడితే వాళ్ళు సర్దడానికి లేదు. కమాండింగ్ ఆఫీసర్ ఒక కమిటీని వేస్తాడు. దాన్ని కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. 1950లో చేసిన చట్టం ప్రకారం పని చేస్తుంది. సర్కారు ఇచ్చిన సామాను స్టోరుకి వెనక్కి వెళుతుంది. సొంతవన్నీ ఒక్కొక్కటిగా జాబితా రాస్తారు. యూనిట్‌లో బాకీలుంటే తీర్చి, రావలసినవి కలిపి, మిగిలినది వారసులకి పంపుతారు. ఆ జాబితా కాగితం పెట్టె కన్నా ముఖ్యమైనది. ఇంటివాళ్ళు దాన్ని పక్కన పెట్టుకుని, పెట్టె తెరిచి, ఒక్కో వస్తువూ సరిచూసుకోవాలి. ఆ ఘడియలో అలా లెక్క చూడటానికి ఎవరికీ మనసు రాదు. అందుకే ఊళ్ళో పాత ఎక్స్ సర్వీస్‌మన్ ఎవరైనా వచ్చి కూర్చుని ఆ పని చేసిపెట్టేవారు. గడియారం, షేవింగ్ సామాను, రాసి పోస్టు చెయ్యని ఇన్లాండ్ లెటరు, పిల్లల కోసం కొని దాచిన కొత్త బట్టలు.

ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. ఫ్రంట్‌లో ఉన్నవాడికి రాసే ఉత్తరం మీద ఊరి పేరు ఉండేది కాదు. కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), లేదంటే 99 ఏపీఓ, అంతే. లడఖ్‌లో ఉన్నాడో, రాజస్థాన్ ఇసుకలో ఉన్నాడో కవరు చూసి చెప్పలేం. నంబరూ యూనిట్ పేరూ సరిగ్గా ఉంటే చాలు, సైనిక తపాలా మనిషిని వెతుక్కుంటూ వెళ్ళేది. నంబరులో ఒక్క అంకె తారుమారైతే ఉత్తరం నెలల తరబడి తిరిగి, ముద్రల మీద ముద్రలు వేయించుకుని ఇంటికే వచ్చేది. అది చూసి ఇంట్లో గుండెలు జారిపోయేవి. అంతకన్నా కష్టమైనది ఇంకోటుంది. పోయాడన్న కబురుతో తంతి, అంటే టెలిగ్రాం, ముందు వచ్చేది, పోకముందు రాసిన ఉత్తరం తరవాత వచ్చేది. ఉత్తరం కొండ దిగి, బస్సెక్కి, రైలెక్కి రావాలి కదా. దినవారాలు జరుగుతున్న ఇంటికి 'నేను క్షేమం' అన్న ఉత్తరాన్ని పోస్టుమాన్ చేతికివ్వాల్సి వచ్చేది.

తంతి ఇంగ్లీషులో ఉండేది. చదివేది పోస్టుమాస్టరో, బడి పంతులో. మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళి, తంతి యంత్రాల మీదుగా ప్రయాణం చేసి వచ్చేసరికి గుర్తుపట్టలేకుండా అయిపోయేవి. ఒకే పేరున్నవాళ్ళు ఊళ్ళో ఇద్దరు మిలట్రీలో ఉంటే పోయినవాడెవరో పేరు చూసి తేలేది కాదు. అప్పుడు కూడా నంబరే దిక్కు. మనియార్డర్ కూపన్ మీదో, పాత ఉత్తరం వెనకో ఉన్న నంబరు తెచ్చి తంతిలోని నంబరు పక్కన పెట్టి చూసేవారు. 2013 జూలైలో దేశంలో తంతి సేవలు ఆగిపోయాయి. ఆ పసుపు కాగితం అంటే భయపడ్డ తరానికి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఈనాటి పిల్లలకి వింతగా ఉండే విషయం ఒకటి. కార్గిల్ దాకా యుద్ధాల్లో పోయిన జవాన్లలో చాలామంది దేహాలు ఇంటికి రాలేదు. పోయిన చోటుకి దగ్గర్లోనే తోటివాళ్ళు చితి పేర్చేవారు, లేదా ఖననం చేసేవారు. ఇంటికి చితాభస్మం వస్తే వచ్చినట్టు. 1962 చైనా యుద్ధంలో, నవంబరు 18న, లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13 కుమావూ బెటాలియన్ చార్లీ కంపెనీలో 114 మంది పోయారు. మంచు కరిగాక, 1963లో గానీ వాళ్ళని చేరుకోలేకపోయారు. ఆయుధాలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే గడ్డకట్టి ఉన్నాయి. మేజర్ షైతాన్ సింగ్ దేహాన్ని జోధ్‌పూర్ చేర్చారు, ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. మిగతావాళ్ళకి చుషూల్‌లోనే సైనిక లాంఛనాలతో దహనం జరిగింది. అంత ఎత్తున, రోడ్డు లేని చోటు నుంచి వందమందిని మోసుకొచ్చే మార్గం ఆనాడు లేదు.

1999లో అది మారింది. అధికారిక లెక్క ప్రకారం కార్గిల్‌లో 527 మంది పోయారు, 1,363 మంది గాయపడ్డారు. శ్రీనగర్ నుంచి విమానాల్లో దేహాలున్న పెట్టెలు ఊళ్ళకి రావడం దేశమంతా మొదటిసారి అంత దగ్గరగా చూసింది. మన హైదరాబాద్ కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, తోలోలింగ్ వైపు శిఖరాల మీద పోరాడుతూ పోయారు. మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఇరవయ్యొక్క ఏళ్ళ తరవాత, 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయిన కల్నల్ సంతోష్ బాబు, 16 బిహార్, హకీంపేట మీదుగా సూర్యాపేట చేరారు. ఆయనకీ మహావీర చక్రే. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో తల్లీ భార్యా నిలబడి ఆ పతకం అందుకోవడం తెలుగువాళ్ళంతా టీవీలో చూశారు.

దేహం ఊరికి వచ్చాక జరిగే తంతులో ప్రతి కదలికకీ లెక్క ఉంది. ఊరు ఆ లెక్కకి సిద్ధంగా ఉండదు, దాంతో పొరపాట్లు జరుగుతాయి. జెండాతో మొదలుపెడదాం. పెట్టె మీద మామూలుగా వాడేది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు జెండా, అంటే 1800 మిల్లీమీటర్లకి 1200. కాషాయం తల వైపు ఉండాలి. ఫ్లాగ్ కోడ్‌లో రాసి ఉన్న నియమం అది. పెట్టెని మోసేది కాళ్ళు ముందు పెట్టి కాబట్టి నడుస్తున్నప్పుడు కాషాయం వెనక వైపు ఉంటుంది. అది చూసి, కాషాయం ముందుండాలి కదా అని పెద్దమనుషులెవరో జెండా తిప్పించేస్తారు. తిప్పకూడదు. దేహం తల ఎటుందో పెట్టె మీద గుర్తు ఉంటుంది, దాన్నిబట్టి ఒకసారి కప్పితే చివరిదాకా అంతే. గాలికి ఎగిరితే అంచుల్ని తాడుతో కట్టుకోవాలి గానీ పైన బరువులు పెట్టరాదు. పుష్పగుచ్ఛాలు పెట్టె ముందు, కాళ్ళ వైపు ఆనించాలి. నాయకులు వచ్చి దండలు నేరుగా జెండా మీద కుప్పగా వేస్తుంటే పక్కనున్న సుబేదారు నోరు తెరిచి వద్దనలేడు. ఈ సంగతి ముందే మైకులో చెప్పడానికి ఊళ్ళోవాళ్ళే ఒకరు పూనుకోవాలి.

మోసేవాళ్ళ ఎత్తు సమానంగా ఉండేలా చూస్తారు. ఒకడు పొడుగు, పక్కవాడు పొట్టి అయితే బరువంతా పొడుగువాడి భుజం మీదికి వస్తుంది, మలుపులో పెట్టె వంగుతుంది. బంధువులు ప్రేమ కొద్దీ మధ్యలో భుజం మార్చుకుంటామంటారు. అది కాదనలేం. కాకపోతే నడుస్తూ మార్చకుండా, ఆగి, దించి మార్చుకుంటే ప్రమాదం ఉండదు.

చితి మీదికి, గోతిలోకి జెండా వెళ్ళకూడదు. దాన్ని ముందే తీసి మడిచి ఇంటివాళ్ళ చేతికిస్తారు. మడతకి పద్ధతుంది: అడ్డంగా పట్టుకుని, కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెల్ల భాగం కిందికి మడవాలి. తరవాత తెల్ల భాగాన్ని రెండు వైపుల నుంచీ లోపలికి మడిస్తే పైన అశోక చక్రం, అటూ ఇటూ కాస్త కాషాయం, కాస్త ఆకుపచ్చ కనిపిస్తాయి. అరచేతుల మీద పెట్టి అందించాలి. ఇంట్లో దాచుకునేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు. ఖాదీ చెమ్మ పట్టి బూజొస్తుంది, మడతల దగ్గర పసుపు మచ్చలు తేలతాయి. ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి, చెక్క పెట్టెలో, ఎండ పడని చోట పెట్టాలి. ఏడాదికోసారి తీసి మడతలు కాస్త జరిపి మళ్ళీ మడవాలి, లేకపోతే అదే గీత మీద నూలు తెగిపోతుంది.

'శోక్ శస్త్ర' అన్న హుకుం వినబడగానే సైనికులు తుపాకీని తలకిందులు చేస్తారు. గొట్టం కొస బూటు ముందు ఆనుతుంది, రెండు అరచేతులూ పైకి వచ్చిన తుపాకీ మడమ మీద ఒకదానిపై ఒకటి, తల వంచి. అలా నిలబడటం చూసినవాళ్ళు మరిచిపోలేరు. గాలిలోకి మూడుసార్లు కాల్చేవి ఉత్త తూటాలు. గుండు లేని తూటా వల్ల తుపాకీ దానంతటది మళ్ళీ సిద్ధం కాదు, ప్రతిసారీ చేత్తో లాగాలి. రెండు మోతల మధ్య వినిపించే ఆ లోహపు చప్పుడు అదే. ఉత్త తూటా అయినా గొట్టం ముందు వేడి గాలి దూసుకొస్తుంది కాబట్టి కాల్చే వరస ముందుకీ పక్కలకీ జనం రాకుండా తాడు కట్టాలి. ఫోన్లు ఎత్తి పట్టుకుని కుర్రాళ్ళు ముందుకి తోసుకొచ్చేది సరిగ్గా అప్పుడే. శ్మశానంలో పిల్లలున్నా, పశువులున్నా మోత గురించి ముందే చెప్పడం మంచిది.

తరవాత బ్యూగిల్ అనే బాకా. దానికి మీటలుండవు. ఉన్న కొద్ది స్వరాలూ పెదవుల బిగువుతోనే పలికించాలి. లాస్ట్ పోస్ట్ అనేది మొదట్లో శిబిరంలో ఆఖరి కాపలా తనిఖీ ముగిసిందని చెప్పే రాత్రి పిలుపు. పై స్వరం దగ్గర గొంతు పగిలినట్టు వినిపిస్తే అది వాయించేవాడి తప్పు కాదు చాలాసార్లు. గంటల తరబడి ఎండలో నిలబడి పెదాలు ఆరిపోతే ఆ స్వరం పట్టుబడదు. అతనికి కాసిని నీళ్ళు, కాస్త నీడ ఇచ్చే బాధ్యత ఊరిది. లాస్ట్ పోస్ట్ అయ్యాక మౌనం, మౌనం తరవాత మేలుకొలుపు పిలుపు రౌజ్. ఆ మౌనంలో 'అమర్ రహే' నినాదాలు అందుకుంటారు. ఆవేశం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ రెండు నిమిషాలూ తల్లికి, భార్యకి వదిలేయాల్సినవి.

పెట్టె తెరవడం గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే చెప్పాలి. కొన్ని పెట్టెలు తెరవొద్దని వెంట వచ్చిన సుబేదారు చెబుతాడు. పేలుడులో పోయినవాళ్ళ విషయంలో, రోజుల తరవాత దొరికినవాళ్ళ విషయంలో అది ఇంటివాళ్ళ మేలు కోరి చెప్పే మాట. అయినా తల్లి చూస్తానంటే? ముందు ఒక్కరే, గుండె దిటవున్న దగ్గరి బంధువు, చూసి చెప్పడం పాతకాలం నుంచీ పెద్దలు పాటించిన దారి.

ఇక కాగితాలు. జనం వెళ్ళిపోయాక మొదలయ్యే గౌరవం ఇది, మిగతా అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేదీ ఇదే. సర్వీసులో ఉన్నప్పుడు జరిగిన ప్రతి మార్పూ, పెళ్ళి, బిడ్డ పుట్టడం, పార్ట్ టూ ఆర్డర్ అనే యూనిట్ ఉత్తర్వులో అచ్చయితేనే, సైనికుల సర్వీసు వివరాలు దాచే రికార్డ్ ఆఫీసు దృష్టిలో జరిగినట్టు. సెలవులో పెళ్ళి చేసుకుని వెళ్ళిన కుర్రాడు కాగితాలు మళ్ళీ సెలవుకి తెస్తానని ఊరుకుంటే, ఆ మధ్యలో జరగరానిది జరిగితే, భార్య పేరు రికార్డులో ఉండదు. అతను బతికుంటే యూనిట్ క్లర్కు చేసిపెట్టే పని అది. ఇప్పుడు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పెళ్ళి సర్టిఫికెట్, అఫిడవిట్లు, సాక్షులు, నెలల తిరుగుడు.

మన పేర్ల చిక్కు వేరే. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక మన అలవాటు. ఉత్తరాది క్లర్కు చివరి మాటే ఇంటిపేరనుకుంటాడు. బడి సర్టిఫికెట్‌లో ఇనీషియల్, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, సర్వీసు కాగితాల్లో రెండూ కలిపేసి ఒకే మాట. పెళ్ళయ్యాక భార్యకి పుట్టింటి ఇంటిపేరొక చోట, అత్తింటిదొక చోట. పైగా ఇంట్లో మహాలక్ష్మి, బడిలో ఉత్త లక్ష్మి. ఇన్ని పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ అఫిడవిట్ ఇస్తే చాలాచోట్ల దారి దొరుకుతుంది. కానీ జీవితాంతం నిలిచేది సర్వీసు రికార్డులో దిద్దించుకున్నదే. సెలవుకి వచ్చిన ప్రతి జవానూ ఒక పూట కూర్చుని భార్య ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, తన కిండ్రెడ్ రోల్ (సర్వీసు రికార్డులోని కుటుంబ సభ్యుల వివరాల పత్రం) పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చుకోవాలి. జాయింట్ అకౌంట్ ఉందా, ఇన్సూరెన్స్ నామినేషన్ పెళ్ళికి ముందుదేనా అన్నదీ అప్పుడే చూసుకోవాలి. అత్తాకోడళ్ళ మధ్య చిచ్చు పెట్టేది చాలా ఇళ్ళల్లో ఈ పాత నామినేషనే.

బ్యాటిల్ క్యాజువాల్టీ (పోరులో పోవడం), ఫిజికల్ క్యాజువాల్టీ (ఇతర కారణాలతో పోవడం) అని రెండు మాటలు వింటారు. ఏ గుంపులో రాశారన్న దాన్నిబట్టి పింఛను మారిపోతుంది. శత్రువు చర్యలో పోతే వచ్చే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంతో సమానం. మామూలు కుటుంబ పింఛను అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి మొదటి కాగితంలో ఏం రాశారో చదివించుకోవాలి, తప్పనిపిస్తే అప్పుడే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్ ఆఫీసుకి రాయాలి.

విగ్రహాలు పెట్టడం మన ఊళ్ళ ఆనవాయితీ. తాడేపల్లిగూడెం దగ్గర మిలట్రీ మాధవరం లాంటి ఊళ్ళు, తరతరాలుగా ఇంటి మగపిల్లల్ని సైన్యానికి పంపినవి, తమవాళ్ళని ఎలా తలచుకోవాలో తెలిసినవి. కొత్తగా పెట్టేచోట పొరపాట్లు కళ్ళకి కొడతాయి. శిల్పి దగ్గరున్న ఏదో నాయకుడి అచ్చుకే టోపీ తగిలించేస్తాడు. టోపీ రంగు రెజిమెంటుని చెబుతుంది: పారాచూట్ దళం (పారా) వాళ్ళది మెరూన్, ట్యాంకుల వాళ్ళది నలుపు. అన్నిటికీ ఆకుపచ్చ పూసేస్తే ఆ మనిషి యూనిట్‌ని చెరిపేసినట్టే. లాన్స్ నాయక్‌కి ఒక పట్టీ, నాయక్‌కి రెండు, హవల్దార్‌కి మూడు. శిల్పికి యూనిఫారంలో ఉన్న ఫోటో ముందు నుంచీ పక్క నుంచీ ఇవ్వాలి, బ్యాడ్జి దగ్గరగా తీసిన ఫోటో విడిగా ఇవ్వాలి. సిమెంటు విగ్రహం రంగు కొన్ని వానలకే వెలిసిపోతుంది, లోపలి ఇనుము తుప్పు పట్టి ముక్కు, చేతివేళ్ళు ముందు రాలతాయి. డబ్బు తక్కువుంటే విగ్రహం మానేసి, గ్రానైటు ఫలకం మీద లోతుగా చెక్కించిన పేరు, నంబరు, యూనిట్, పుట్టిన తేదీ, పోయిన తేదీ, పోయిన చోటు పెట్టడం ఎంతో మేలు. లోతుగా చెక్కితే రంగు పోయినా అక్షరం ఉంటుంది.

గాయపడి తిరిగొచ్చినవాళ్ళకి ఊరేగింపులుండవు. డిసెంబరు 7న బడిలో జేబుకి గుండుసూదితో గుచ్చుకున్న చిన్న కాగితపు జెండా గుర్తుందా? ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. 1949 నుంచి జరుగుతున్న ఆ సాయుధ దళాల పతాక దినం డబ్బులు పోయినవాళ్ళ కుటుంబాలకే కాదు, వీళ్ళకీ చేరేవి. పుణెలో 1944లో మొదలైన ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్, ఖడ్కీలో 1974లో పెట్టిన పారాప్లీజిక్ (నడుము కింద చచ్చుబడినవాళ్ళ) పునరావాస కేంద్రం ఎందరో తెలుగువాళ్ళకీ రెండో ఇల్లు. 1965 యుద్ధంలో సియాల్‌కోట్ దగ్గర తూటాలు తగిలిన ఈఎంఈ (సైన్యంలో యంత్రాలు బాగుచేసే విభాగం) జవాను మురళీకాంత్ పేట్కర్ ఈతని చికిత్సగా మొదలుపెట్టి, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో దేశానికి బంగారు పతకం తెచ్చారు. 1971లో కాలు పోగొట్టుకున్న ఇయాన్ కార్డోజో కృత్రిమ కాలితోనే బెటాలియన్‌ని, తరవాత బ్రిగేడ్‌ని నడిపారు. శత్రువు చేతిలో గాయపడినవాళ్ళకి 1973 నుంచి పరాక్రమ పదక్ ఉంది. తెల్ల పట్టీ మధ్య ఎర్ర గీత. రొమ్ము మీద అది కనబడితే ఆ మనిషి ఒంట్లో ఎక్కడో ఒక మచ్చ ఉన్నట్టు లెక్క.

కృత్రిమ కాలు పెట్టాక మొదటి నెలల్లో మిగిలిన కాలు సన్నబడుతూ ఉంటుంది. మిగిలిన కాలు ఇమిడే గిన్నె (సాకెట్) నిన్న సరిపోయింది ఇవాళ వదులై చర్మం ఒరుసుకుపోతుంది. మేజోడు పొర ఒకటి పెంచితే కొన్నాళ్ళు గడుస్తుంది, తరవాత గిన్నె మార్పించుకోవాల్సిందే. ఎర్రగా కమిలిన చోటు పావుగంటకి కూడా మామూలు రంగుకి రాకపోతే ఆ రోజు కాలు తొడగకూడదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకి నొప్పి తెలియదు కాబట్టి పుండు పడ్డాక గానీ తెలియదు. మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి, కుర్చీలో ఉంటే మధ్య మధ్య చేతుల మీద ఒంటిని పైకి ఎత్తుకోవాలి.

చక్రాల కుర్చీలో తిరిగేవాడి కోసం ఇంటికి కావలసింది వాలు దారి. అడుగు ఎత్తున్న అరుగుకి పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. మేస్త్రీ చోటు కలిసొస్తుందని ఐదారడుగుల్లో ముగించేస్తాడు. దాని మీద కుర్చీ సొంతంగా ఎక్కదు, దిగేటప్పుడు ముందుకి బోల్తా కొడుతుంది. తలుపు 32 అంగుళాలన్నా తెరుచుకోవాలి. గడప తీయడం ఇష్టం లేని ఇళ్ళల్లో గడపకి అటూ ఇటూ చెక్క వాలు ముక్కలు బిగిస్తే సరిపోతుంది. అతను ఎవరినీ పిలవకుండా వీధి అరుగు మీదికి రాగలిగిన రోజు ఆ ఇంట్లో పండగే.

ఢిల్లీ చూసొచ్చిన పెద్దవాళ్ళకి ఇండియా గేటు కింద నల్ల రాతి దిమ్మ, తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీద హెల్మెట్ గుర్తుంటాయి. 1972 జనవరి 26న ఇందిరాగాంధీ ఆవిష్కరించిన అమర్ జవాన్ జ్యోతి అది. నాలుగు మూలల జ్యోతుల్లో ఏడాది పొడుగునా ఒకటే వెలిగేది, గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ నాలుగూ. 2006 దాకా సిలిండర్ల గ్యాసుతో, తరవాత గొట్టం గ్యాసుతో. అక్కడ ఒక లోటుండేది: గేటు రాళ్ళ మీద చెక్కినవి బ్రిటిష్ కాలం నాటి పేర్లు. స్వాతంత్ర్యం తరవాత పోయినవాళ్ళ పేర్లన్నీ ఒకచోట ఎక్కడా లేవు. 2019 ఫిబ్రవరి 25న తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం గోడలు ఆ లోటు తీర్చాయి. చక్రవ్యూహంలా నిలిచిన 16 గోడలు, ప్రారంభంనాటికి 25,942 పేర్లు, ఒక్కొక్కరికీ ఒక్కో గ్రానైటు పలక. 2022 జనవరి 21న పాత జ్యోతిని ఇక్కడి జ్యోతిలో కలిపారు. వెళ్ళేవాళ్ళు మీ మనిషి నంబరు, యూనిట్, పోయిన సంవత్సరం రాసుకుని వెళ్ళండి. పేరొక్కటే పట్టుకుని వెతికితే ఒకే పేరున్నవాళ్ళు చాలామంది ఎదురవుతారు. ఒక పల్చని తెల్ల కాగితం, మెత్తని పెన్సిలు కూడా పట్టుకెళ్ళండి. అక్కడి సిబ్బంది అనుమతి అడిగి, పలక మీద కాగితం పెట్టి నెమ్మదిగా రుద్దితే పేరు కాగితం మీదికి దిగుతుంది. నడవలేని తల్లికి అది తెచ్చిచ్చినవాళ్ళున్నారు.

1984 మే నెలలో సియాచిన్ మీద 19 కుమావూ గస్తీ ఒకటి మంచు కూలి చిక్కుకుపోయింది. కొందరు దొరకలేదు. వాళ్ళల్లో లాన్స్ నాయక్ చంద్రశేఖర్ ఒకరు. 38 ఏళ్ళ తరవాత, 2022 ఆగస్టులో, పాత బంకరు దగ్గర ఒక దేహం బయటపడింది. ముఖం చూసి చెప్పగలిగేవాళ్ళు అక్కడెవరూ లేరు. ఒంటి మీదున్న లోహపు బిళ్ళ తుడిచి చూస్తే ఆర్మీ నంబరు చదవడానికి వీలుగానే ఉంది. దాన్ని రికార్డుల్లో సరిపోల్చి, జెండా కప్పి, హల్ద్వానీలో ఉన్న భార్య దగ్గరికి తీసుకెళ్ళారు.